పోయినవాడి ఫొటో

"గురక పెట్టేవాడు. అది కూడా రాసుకుంటారా?" అని అడిగింది ఇల్లాలు.

ఓడల ఆఫీసు గుమాస్తా కలం ఆపాడు. యుద్ధంలో సరుకుల ఓడతో పాటు మునిగిపోయిన మొదటి భర్త గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు గానీ, ఆవిడ ఇంత మనస్ఫూర్తిగా చెబుతుందనుకోలేదు. ఆయన ఓడలో వంటవాడే అయినా ఇంట్లో ఉప్పు రెండుసార్లు వేసేవాడట. తడి తువ్వాలు పక్క మీద పడేసేవాడట. చెప్పిన మాట చచ్చినా వినేవాడు కాదట.

ముందు గదిలో కుట్టు మిషను దగ్గర కూర్చున్న రెండో మొగుడు ఇదంతా వింటూనే ఉన్నాడు. ఆయన దర్జీ. ఇంకొకడైతే మొదటివాడి మీద ఇన్ని చాడీలు విని లోలోపల మురిసిపోయేవాడు. ఈయన మొహం మాత్రం గడ్డం చాటున మాడిపోతోంది.

"అంత గురకేం పెట్టేవాడు కాదులే" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

"పక్కన పడుకున్నదాన్ని నేను. మీకేం తెలుస్తుంది?"

గుమాస్తా మనసు కరిగింది. పోయినవాడి పరువు కోసం రెండో మొగుడు వాదించడం తన ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు.

ఆయన దగ్గర రెండు దస్త్రాలున్నాయి. పచ్చది పోయినవాళ్ళది. ఎర్రది యుద్ధ సమయంలో ఓడ ఎక్కకుండా ఎగ్గొట్టినవాళ్ళది. ఎగ్గొట్టినవాడు ఎన్నేళ్ళ తర్వాత దొరికినా జైలే. ఎవడో ఒకడు తగలకపోతాడా అని ఆ ఎర్రదాన్ని ఎక్కడికెళ్ళినా చంకలో పెట్టుకునే తిరుగుతాడు. ఇవాళ మాత్రం వచ్చింది పచ్చదాని పని మీదే. రేవులో స్మారక గోడ కడుతున్నారు. మునిగిన ముప్ఫై రెండుమంది పేర్లూ దాని మీద ఉంటాయి. ఒక్కో పేరు కింద ఒక్కో గడి, అందులో ఫొటో చూసి చెక్కిన మొహం. ఆఫీసులో ఉన్న ఫొటోలు బాంబు పడినప్పుడే కాలిపోయాయి కాబట్టి ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ముప్ఫై ఒకటి దొరికాయి. ముప్ఫై రెండోది తేకపోతే ఆ గడిలో నీ మొహమే చెక్కిస్తానని పై అధికారి బెదిరించాడు.

ఫొటో లేదని ఇల్లాలు అప్పటికి మూడుసార్లు చెప్పింది. ఊరు మారేటప్పుడు పోయాయట. గుమాస్తా దర్జీ వైపు ఓరగా చూశాడు. మొదటివాడి ఫొటోలు పొయ్యిలో పెట్టిన రెండో మొగుళ్ళు ఆయనకు బాగానే తెలుసు.

అంతలో లోపల్నుంచి ముసలావిడ వచ్చింది. పోయిన వంటవాడి కన్నతల్లి. కొడుకు పోయిన ఏడాదికే కోడల్ని ఈ ఊరు తీసుకొచ్చి, దగ్గరుండి మళ్ళీ పెళ్ళి చేసి, వాళ్ళతోనే ఉంటోంది.

"ఒరేయ్, తిండి చల్లారిపోతోంది. తిని కుట్టుకో" అని దర్జీని కసిరి, నోరు తెరుచుకుని చూస్తున్న గుమాస్తాతో, కొడుకు లేని లోటు వీడు తెలియనివ్వలేదు నాయనా అంది.

గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన తల్లీ తన పెళ్ళామూ గుర్తొచ్చి ఇంకోసారి తుడుచుకున్నాడు. తర్వాత పిల్లల సంగతి అడిగాడు. ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళు, బడికి వెళ్ళింది. ఓడ బయల్దేరిన రోజునే పుట్టిందట. తండ్రి మొహమైనా చూడలేదు పాపం అని ఆయన వాపోతే, తిండి చల్లారిపోతోందని ముసలావిడ మళ్ళీ దర్జీని కసిరింది.

"ఏం చేస్తాం, పేరు చెక్కి కింద గడి ఖాళీగా వదిలేస్తాం" అంటూ లేచాడు.

మిషను ఆగింది.

"ఖాళీగానా?"

"మొహం తెలియందే ఏం చెక్కుతామండీ?"

"అయితే వాడనేవాడు ఒకడున్నట్టు ఇంకెక్కడా గుర్తుండదు."

"ఉండదు మరి. సముద్రంలో పోయినవాడికి సమాధి కూడా ఉండదుగా."

దర్జీ గడ్డం నిమురుకున్నాడు. తర్వాత మిషను సొరుగు లాగి, దారపుండల అడుగునుంచి ఒక కాగితపు పొట్లం తీశాడు. ఇల్లాలు గబగబా దగ్గరికొచ్చి, వద్దండీ, లేనిపోనిది నెత్తికి తెచ్చుకోకండి అని గొణిగింది. ఆయన వినలేదు.

ఫొటోలో ఓడ అంచు కమ్మీలకి ఆనుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుర్రాడున్నాడు. గుమాస్తా ఫొటోనీ ముసలావిడనీ మార్చి మార్చి చూసి, ముక్కు అచ్చం మీదేనమ్మా అన్నాడు. ముసలావిడ ముక్కు తడుముకుని, అందరూ అదే అంటారు నాయనా అంది.

"ఇది మీ దగ్గరెలా ఉంది?" అని అడిగాడు దర్జీని.

"ఒకే ఓడల్లో పనిచేశాం. అడక్కుండానే సాయం చేసే రకం. ఆ ఓడ కూడా, ఇంకొకడికి ఇంట్లో పని పడితే, వాడి బదులు ఎక్కాడు."

అలవాటు కొద్దీ గుమాస్తా చెయ్యి ఎర్ర దస్త్రం మీదికి పోయింది. "ఎవడా ఇంకొకడు?"

"తెలీదండీ."

ఇల్లాలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆ చేతిలోనే పెట్టేసరికి ఆయన దస్త్రం వదలక తప్పలేదు.

చెక్కడం అయిపోగానే ఫొటో తిరిగివ్వమనీ, తన దగ్గర అదొక్కటే ఉందనీ దర్జీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మొదటి మొగుడి ఫొటో కోసం రెండో మొగుడు బతిమాలుకోవడం చూసి గుమాస్తా దాన్ని పచ్చ దస్త్రంలో భద్రంగా పెట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

తలుపు గడియ పడగానే దర్జీ మిషను మీద తల వాల్చి ఏడ్చాడు. తొమ్మిదేళ్ళుగా ఎవరి ముందూ ఏడవలేకపోయిన ఏడుపు. ముసలావిడ వచ్చి, ఆయన జుట్టులో చిక్కుకున్న దారప్పోగు తీసి పక్కన పడేసింది.

"పేరు ఎలాగూ నీది పడింది, మొహమైనా నీ బదులు పోయినవాడిది ఉండనీరా."