నున్నటి ఫోర్కు

"ఫ్లాట్‌వేర్ చూసుకోవాలే!" అని సోమేశ్వరరావు షుఐబా ప్లాంటు నుంచి ఫోన్లో అరిచాడు.

ఎనభై రెండు నాటి కువైట్ ఫోన్లు. సగం మాట, సగం గరగర. రిగ్గై ఫ్లాట్లో ఉన్న భార్య గంగారత్నానికి "ఫ్లాట్ వేరే చూసుకోవాలే" అని వినిపించింది.

సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి ఆవకాయ జాడీలు అట్టపెట్టెల్లోకి, దేవుడి పటాలు పాతచీర మూటలోకి చేరాయి. ఆవిడ మంచం విప్పుతోంది.

"ఫ్లాట్ కాదే నా తల్లీ, ఫ్లాట్‌వేర్! చెంచాలూ ఫోర్కులూ కత్తులూ. అసలైన వెండివి. శుక్రవారం మా జనరల్ మేనేజరూ, దొరసానీ భోజనానికొస్తున్నారు."

"దానికి వెండెందుకండీ? వండితే చాలదా?"

"ఆవిడ వండింది చూడదే, వెండి చూస్తుంది. కాడ మీద ప్యాటర్న్ చూసి ఇంటి తాహతు తేల్చేస్తుందిట. ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. ఆవిడ మెచ్చిందా, కుర్చీ నాది. లేదా, అదే బాయిలరు, అదే పొగ."

ఆ ఇంట్లో పోరు పుష్కలం గానీ ఫోర్కు ఒక్కటీ లేదు. మర్నాడే సిటీకి బయల్దేరారు.

కొట్లో బొంబాయి సేల్స్‌మన్ నల్ల మఖ్మలు పరిచి, ప్యాటర్న్‌కి ఒకటి చొప్పున ఫోర్కులు పేర్చాడు. ద్రాక్షతీగ. గులాబీ. శంఖం. ఇంకా ఏవేవో.

సోమేశ్వరరావు గులాబీ మీద చెయ్యేశాడు. "దొరసానికి గులాబీలంటే ప్రాణంట. తోటంతా అవేనట."

"ఏడిసింది మీ తెలివి! పెళ్లిచూపులకి పువ్వుల చొక్కా తొడుక్కొచ్చిన మనిషి మీరు. మీ ఎంపికలో సరైంది ఒక్కటే, అది నేను."

అంత నోరు చేసుకుంది గానీ, ఏది బాగుందో ఆవిడకీ తెలియదు. ఆవిడ ఎరిగిన వెండల్లా ఉగ్గుగిన్నె, కుంకుమభరిణె.

సరిగ్గా అప్పుడు కొట్టు ముందు కారొకటి ఆగింది. రిగ్గైలో వీళ్ల హాలుకన్నా అదే పొడుగు. అందులోంచి నల్లటి బురఖాలో ఒకావిడ దిగింది. మొహం మీద తెర. కారుని చూడగానే సేల్స్‌మన్ వీళ్లని వదిలేసి, కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించి, ఫోర్కులన్నీ ఆవిడ ముందుకు జరిపాడు.

గంగారత్నం మొగుణ్ని డొక్కలో పొడిచింది. ఇక్కడ తెలుగెవరికొచ్చులే అని గొంతు కూడా తగ్గించలేదు.

"చూసి నేర్చుకోండి. పుట్టుకతో వచ్చిన దర్జా అంటే అదీ! మన వీధిలో పాచిపనికొచ్చే రాయలసీమ ఆడాళ్లని కూర్చోబెడితే, చెంచాకీ గరిటెకీ తేడా చెప్పగలరా?"

బురఖా ఆవిడ ద్రాక్షతీగ ఎత్తింది. గోటితో ఆకుల్ని గీకింది. "లా," అంది. అంటే వద్దని. గులాబీ ఎత్తింది. రేకుల మధ్య గోరు దూర్చి చూసింది. "లా, లా!" అని విసిరినంత పని చేసింది. శంఖాన్నయితే ముట్టుకోనే లేదు. చివరికి ఒక్క గీత కూడా లేని ఫోర్కు కాడని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసకి రాసి చూసి, ఇదే కట్టమని సైగ చేసింది.

"చూశారా? గులాబీని గడ్డిపోచ చేసింది! ఉన్నవాళ్లకి పువ్వులక్కర్లేదండీ. లేనివాళ్లకే ఈ సోకులన్నీ."

"కానీ దొరసానికి గులాబీలు..."

"మీ దొరసాని ఈవిడ కాలిగోటికి చాలదు. మాట్లాడకుండా ఆ నున్నటిదే తీసుకోండి. కాడల మీద మన ఇంటిపేరు అక్షరం కూడా చెక్కించండి."

"చెక్కితే వాపసు లేదు సాబ్," అన్నాడు సేల్స్‌మన్ హిందీలో.

"చెక్కమనండి!"

లోపల మిషను గుర్రుమంది. అక్షరం చెక్కింది ఫోర్కుల మీద. చెక్కేసినట్టయింది సోమేశ్వరరావు మొహం.

గంగారత్నం పెట్టె చంకనెత్తుకుని, చాయ్ తాగుతున్న బురఖా ఆవిడ ముందుకెళ్లి వంగింది. థాంక్స్ చెప్పడానికి తనకొచ్చిన ఒకే ఒక్క అరబ్బీ ముక్క వదిలింది.

"షుక్రన్!"

ఆవిడ తెర పైకెత్తింది.

"నాకెందుకమ్మా షుక్రన్లు?" అంది, కొట్టంతా వినేట్టు, తేటతెల్లమైన తెలుగులో. "యాదన్నా ఒగటి నువ్వే చూసుకోని రాపో కుల్సుమ్ బీ అని మా అరబ్బీ యజమానమ్మ కారిచ్చి పంపించె, ఆ పూల సందుల్లో నలుపెక్కితే జుమ్మా సెలవు పొద్దంతా కూర్చోని తోమాల్సింది నేనే గదమ్మా!"