కింది మెట్టు

“అది నా మెట్టు. లెయ్,” అన్నాడు ఆర్తి తాత వీరరాఘవన్.

“ఏటి మెట్లు మీ తాత కట్టించినాడా?” అన్నాడు అక్కడ కూర్చున్న ముసలాయన, తల తిప్పకుండానే.

ఆర్తికి నవ్వొచ్చింది. ముదలియార్‌పేట నుంచి తిరుక్కాంజి దాకా బస్సులో నోరు విప్పని తాత, శంకరాపరణి ఏటి ఒడ్డుకు రాగానే పోట్లాటకు దిగాడు.

“ఏటా ఆడి నెల అమావాస్యకి ఈడనే కూచుంటా.”

“నేను ఏటా తై నెల అమావాస్యకి. ఇయ్యాళ తై. నువ్వు ఆడి నెలకి రా, ఇస్తా.”

“ఈసారి ఆడి నెలలో ఆస్పత్రిలో ఉంటిని.”

ముసలాయన ఆ మాటకి కొంచెం జరిగాడు. “సరి, కూచో. ఆ వేరుశనగ ఉండ తొక్కేవు, జాగర్త.” ఆకులో విరిచి పెట్టిన పెద్దా చిన్నా రెండు ముక్కల్నీ తనవైపు లాక్కుని, మునగడానికి ఏట్లోకి దిగాడు.

తాత నీళ్లు వదిలేది అన్న నరసింహన్‌కి. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరూ చిన్నప్పుడు ఈ ఒడ్డునే ఎవరి గొడ్లో కాసేవారు. ఒక వరద ఇద్దర్నీ లాక్కుపోయింది. ఎక్కడో దిగువన ఒడ్డుకు చేరిన తాతను ముదలియార్‌పేట మిల్లు కార్మికుడొకాయన పెంచుకున్నాడు. అన్న దొరకలేదు.

“తినేదానికి ఏం దొరికినా విరిచి పెద్ద ముక్క నాకే ఇచ్చేటోడు,” అన్నాడు తాత, ఏటా చెప్పినట్టే.

తర్పణాలు చేయించే అయ్యవారు వచ్చి నువ్వులూ నీళ్లూ చేతిలో పోశాడు. తాత అన్న పేరు చెప్పాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాక కూడా చెయ్యి అలాగే చాచి ఉంచాడు.

“ఇదే ఆఖరు పాపా. డాక్టరు యాడికీ పోవద్దన్నాడు. నా తర్వాత అన్నకి నీళ్లిచ్చేదెవరు?”

“నేనిస్తా తాతా.”

“ఆడపిల్ల ఇస్తే చెల్లదంటారే.”

ఆర్తి లేచి, తాత మోచెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కించసాగింది.

వెనక ముసలాయన తడిబట్టలతో వచ్చి కూర్చున్నాడు. “పోయినాడా? ఇంక నా మెట్టు నాది!” అని నవ్వి చెయ్యి చాచాడు.

“ఎవరికయ్యా?” అడిగాడు అయ్యవారు.

“తమ్ముడికి సామీ, వీరరాఘవన్.”