జానమ్మ దిగి చూడని సీటు

బ్రోచర్‌లో ఈత కొలను కనబడితే చాలు, యూనివర్సిటీ బాగుందని తేల్చేసే రకం మీరు. కాదనకండి.

మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో అడ్మిషన్ల మేళా జరుగుతోంది. నిడమనూరు వరి నాట్ల ముఠాకు పెద్ద అయిన జానమ్మ ముందు, ఒక యూనివర్సిటీ ఏజెంటు కార్తీక్ బ్రోచర్ పరిచాడు.

"మీ పాపకు గుర్రపు స్వారీ గూడ నేర్పుతరమ్మా! రెండే సీట్లున్నయ్."

"గుర్రమెక్కి యాడికి పోవాలె బిడ్డా? పాఠం జెప్పే సార్లెందరు?"

"అవన్నీ చేరినంక తెలుస్తయమ్మా."

"నాటు ఒప్పుకునే ముందు మేం మడిల దిగి సూస్తం. గాడ సదివే పిల్ల నంబరియ్యి."

కార్తీక్ చెమట తుడుచుకుని ఒక నంబరిచ్చాడు. జానమ్మ ఫోన్ కలిపింది. అతని పక్కనే కరపత్రాలు పంచుతున్న అమ్మాయి ఫోన్ మోగింది! హాలంతా విరగబడి నవ్వింది. ఆ అమ్మాయి కూడా ఆపుకోలేకపోయింది.

"సరేనమ్మా, పాపను పిలువుర్రి, నేనే మాట్లాడ్త," అన్నాడు కార్తీక్.

"ఏ పాపయ్యా? ఓపెన్ ఇంటర్ పాసయింది నేను. డిగ్రీ సీటు నాకే!"

మీరూ పాపకే అనుకున్నారు గదా! బ్రోచర్ వెనక ఆమె రాసిచ్చిన డిమాండ్లివి:

సార్ల పేర్లు, వాళ్ల చదువులు గోడ మీద రాయాలి.
లైబ్రరీ సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచాలి.
నాట్ల రోజుల్లో తప్పిన పాఠం మళ్లీ చెప్పాలి.
హాజరు తీసుకునేటప్పుడు నన్ను 'అమ్మా' అని కాదు, జానమ్మ అని పిలవాలి.