నాన్న ఓడ ఆగిన రేవులు

“నాన్న ఓడ ఇవాళ ఎక్కడుంది?”

పళ్లెం ముందు కూర్చుని పిచ్చుక అడిగింది. దీనికి సమాధానం వస్తే గాని ఆ పిల్ల నోట్లోకి ముద్ద వెళ్లదు.

“లావోస్ రేవులో. మధ్యాహ్నం గోదాముకి ఫోను చేశాడు. ఆకుకూర తింటోందా, నిమ్మకాయ పిండుతున్నావా అని ఒకటే సొద,” అంది తల్లి.

పిచ్చుక తల్లి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. కూతురి పళ్లెం సగం ఖాళీ అయితే గాని తల్లి తన పళ్లెం జోలికి పోదు.

గింజలేరుకున్నట్టు తింటుందని ఆ పేరు పెట్టింది తండ్రే. ఆయన ఓడలో వంటవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ముద్దకో వింత చెప్పేవాడు. వెనకటికి ఓడల్లో నెలల తరబడి పళ్లూ కూరలూ దొరక్క నావికుల చిగుళ్లు నెత్తురు కారేవట. నిమ్మరసం తాగితే తేరుకునేవారట. నారింజ కంటే జామకాయలోనే సి విటమిన్ ఎక్కువట. ప్రపంచంలో అతి పెద్ద ఎడారి సహారా కాదట, మంచు కప్పుకున్న అంటార్కిటికా అట. పిల్ల ఆశ్చర్యంతో నోరు తెరిచేది, ముద్ద లోపలికి పోయేది.

ఇప్పుడు ఆయన లేడు. నడిసముద్రంలో గుండె ఆగిపోయింది. ఒడ్డు చాలా దూరం కావడంతో అక్కడే సముద్రానికి అప్పగించేశారు. ఆ కబురు తల్లి పనిచేసే గోదాము ఫోనుకే వచ్చింది. ఆమె పెట్టెల వెనక కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సరిగ్గా అదే వారం డాక్టరు, పిల్లకి రక్తం మరీ తక్కువగా ఉంది, బలమైన తిండి పడకపోతే కష్టమన్నాడు. నాన్న మాటయితేనే ముద్ద దిగే పిల్లకి, ఆ నాన్న లేడని ఏ నోటితో చెప్పాలి? అందుకే ఓడని ఆమే నడపడం మొదలుపెట్టింది.

భూగోళం సంగతి ఆమెకి సున్నా. చేసేది పార్సెళ్ల గోదాములో పని. ఓడకెక్కే పెట్టెలు కింది అంతస్తులో ఉంటాయి, విమానానికి పోయేవి పై అంతస్తులో. ఆమెది పై అంతస్తు. అక్కడ పెట్టెల మీద తనెప్పుడూ వినని దేశం పేరు కనబడితే చాలు, సాయంత్రానికి దాన్ని ఇంటికి మోసుకొచ్చేది. ఎవరికీ తెలియని చోటైతే ఎవరూ ఆరా తీయరని ఆమె ధీమా. ఒకసారి జాంబియా రేవు. ఇంకోసారి ఆర్మీనియా.

మొదట్లో పిచ్చుక, నాన్నని ఆదివారం ఫోను చెయ్యమను, నేనూ మాట్లాడతానని మారాం చేసేది. ఓడ రేవులో ఆగినప్పుడే, అదీ పనిరోజుల్లోనే వీలవుతుందని తల్లి సర్దిచెప్పేది. కొన్నాళ్లకి పిల్ల అడగడం మానేసింది. గండం గడిచిందని తల్లి ఊపిరి పీల్చుకుంది.

పిల్ల బుగ్గలు తేరుకున్నాయి. తల్లికే తిండి సహించడం లేదు. ఒకరోజు పిచ్చుక జామకాయ సగం చేసి తల్లి చేతిలో పెట్టింది.

“నువ్వూ తినమ్మా. చిగుళ్లు పాడయ్యేది ఓడలో వాళ్లకే కాదు.”

అచ్చం తండ్రి మాటతీరే. తినబుద్ధి కాకపోయినా పిల్ల చూస్తోందని తల్లి తింది.

గోదాములో తూకం వేసే పెద్దాయనకి సంగతంతా తెలుసు. “ఎన్నాళ్లు దాస్తావమ్మా? రేపు బయటివాళ్ల నోట వింటే నిన్ను క్షమించదు,” అన్నాడు. ఆ మాట ఆమెకి నిద్ర లేకుండా చేసింది. బడిలో జనరల్ నాలెడ్జ్ పోటీ ఉంది, అది కానివ్వండి, ఆ సాయంత్రమే చెప్పేస్తానంది.

పోటీ రోజు పొద్దున అలవాటు కొద్దీ ఇంకో అబద్ధం ఆడింది. ఓడ బొలీవియా చేరిందని నిన్న నాన్న ఫోను చేశాడని, కడుపు నిండా తిని వెళ్లి బాగా చెప్పమన్నాడని. పిచ్చుక ఉడికించిన గుడ్డు మొత్తం తింది. నువ్వు కూడా తినే రావాలని తల్లి దగ్గర మాట తీసుకుని వెళ్లింది.

హాల్లో తల్లి చివరి వరసలో కూర్చుంది. సాయంత్రం చెప్పాల్సిన మాట లోలోపల కూడబలుక్కుంటోంది.

వేదిక మీద పిచ్చుక, నావికుల చిగుళ్ల జబ్బుకి ఏ విటమిన్ లోపం కారణమో చెప్పింది. ఎడారి ప్రశ్నకి మిగతా పిల్లలంతా సహారా అంటే తను అంటార్కిటికా అంది. ఆయనుంటే ఎంత మురిసిపోయేవాడోనని తల్లి కళ్లు తుడుచుకుంది.

“ఆఖరి ప్రశ్న,” అన్నారు టీచరు. “సముద్ర తీరమన్నదే లేని, ఏ సముద్రపు ఓడా చేరలేని దేశాలు నాలుగు చెప్పాలి.”

పిచ్చుక తల వంచుకుంది. తెలియదు కాబోలని తల్లి కంగారుపడింది. టీచరు గంట మీద చెయ్యి వేశారు.

అప్పుడు పిచ్చుక చివరి వరసలో ఉన్న అమ్మ కళ్లలోకే చూస్తూ, ఒక్కొక్కటే చెప్పింది: “లావోస్, జాంబియా, ఆర్మీనియా, బొలీవియా.”