కుర్చీగారి సంతకం

“కుదరదని చెప్పానా? మళ్ళీ మళ్ళీ వచ్చి ప్రాణం తియ్యకు!” అన్నాడు లాండ్రీ సూపర్వైజరు, కళ్ళు తెరవకుండానే.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ షెడ్డులో వెనకాల అందరూ ఆయన్ని కుర్చీగారు అనేవారు. పొద్దున కూలబడితే మళ్ళీ లేచేది ఇంటికి వెళ్ళడానికే.

“ఈ ఒక్కసారికి కాదనకండి సార్,” అంది ఇస్త్రీ అక్క. “కొత్త ఆస్పత్రి మా ఇంటికి రెండు వీధుల అవతలే. ఇక్కడినుంచి ఒక్కరినే తీసుకుంటారట. అర్జీ మీద మీ సంతకం కావాలి, ఇవాళే ఆఖరు. మా పాప ఒంటిగంటకల్లా బడి నుంచి వచ్చేస్తుంది. నేను వెళ్ళేదాకా తాళం పెట్టిన తలుపు ముందు, మెట్ల మీదే కూర్చుంటుంది సార్. మొన్న వానకి తడిసి ముద్దయింది. రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది.”

“అందరికీ ఉన్నారమ్మా పిల్లలు! ఇరవై రెండేళ్ళుగా ఈ సోడా వాసన పీలుస్తున్నా. నా వెనకొచ్చినవాడు మేనేజరై కూర్చున్నాడు. నన్నెవడైనా అయ్యో అన్నాడా? నువ్వు మాత్రం హాయిగా ఇంటి పక్కకి పోతావా?” కుర్చీగారు ఒక కన్ను తెరిచాడు. “అయినా నువ్వు పోతే ఈ కాగితాలన్నీ ఎవరు రాస్తారు? సబ్బు కావాలని పెట్టే ఇండెంటు ఏదీ? మిషను రిపేరు సంగతి ఏం చేశావు? రెండింటికల్లా మేనేజరుకి పంపాలి.”

అదీ అసలు సంగతి! ఆయన రాయాల్సిన ప్రతి ముక్కా మూడేళ్ళుగా ఇస్త్రీ అక్కే రాస్తోంది. రాసి పెడితే ఆయన చదవనైనా చదవడు. చదవాలంటే కళ్ళజోడు కావాలి. కళ్ళజోడు జేబులో ఉంది, జేబు దాకా చెయ్యి వెళ్ళాలి. ఎందుకొచ్చిన శ్రమ! కాగితం అడుగున ఒక గీకు గీకి పడేస్తాడు.

ఇస్త్రీ అక్క తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. పొద్దుట్నించి నిలబడి నిలబడి నడుం విరిగిపోతోంది. అన్నం డబ్బా మూతైనా తీయకుండా ఇస్త్రీ బల్ల మీదే కాగితాలు పెట్టుకుని గబగబా రాసింది. సబ్బు ఇండెంటు అయింది. మిషను రిపేరు అయింది. చిరిగిన దుప్పట్ల జాబితా కూడా అయింది. నాలుగో కాగితం మాత్రం తన అర్జీ. పాప సంగతి ఉన్నదున్నట్టు రాస్తుంటే కళ్ళకి నీళ్ళు అడ్డం పడ్డాయి.

నాలుగూ కలిపి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

“ఇన్నా?” అని విసుక్కున్నాడు కుర్చీగారు. ఆవలిస్తూనే నాలుగింటి కిందా గీకేసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆ మాయదారి మనిషికి మెలకువ వచ్చేలోపు ఇస్త్రీ అక్క కాగితాలన్నీ మేనేజరు గదిలో ఇచ్చేసి వచ్చింది. సాయంత్రం అక్కడి నుంచే పిలుపొచ్చింది.

“రామ్మా, రా,” అన్నాడు మేనేజరు. “కొత్త ఆస్పత్రికి మనిషిని ఖాయం చేశాను. ఇప్పుడే వాళ్ళకి ఫోను చేసి చెప్పేశాను కూడా.”

ఇస్త్రీ అక్క రెండు చేతులూ జోడించింది. “మీ మేలు మరిచిపోను సార్! రేపట్నించే వెళ్ళమంటారా?”

“నువ్వెక్కడికమ్మా? వెళ్ళేది మీ సూపర్వైజరు. నీ చేతనే కబురు పంపుదామని పిలిచాను. పాపం, ఆయనకి అంత చిన్నపిల్ల ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు సుమా!”

మేనేజరు చేతిలోని అర్జీని ఆమె లాక్కున్నంత పని చేసి చూసుకుంది: రాతా తనదే, పాపా తనదే, అడుగున మూడేళ్ళ అలవాటు కొద్దీ “ఇట్లు, లాండ్రీ సూపర్వైజరు” అని రాసిన చెయ్యీ తనదే!