మీసాల మామయ్య

ఇలా దగ్గరికి జరగండర్రా, మా మీసాల మామయ్య సంగతి చెబుతాను.

గుమ్మానికి మీసాల దిష్టిబొమ్మ కడితే, ఎవరో నిలబడ్డారని మాటలాడే మా ఇల్లు మూడు రోజులు సైరన్ మోగించింది. ఉయ్యాల్లో మునిమనవరాలికి కునుకు లేదు.

"బొమ్మ తీసెయ్యండి బామ్మగారూ," అన్నాడు సెన్సార్లు బాగుచేసే భూషణం.

"చంటిదున్న ఇల్లు నాయనా! నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది. నీ సెన్సారే తీసెయ్యి."

అతను తల గోక్కుని, బొమ్మను ఇంటి జాబితాలో ఇంటిమనిషిగా ఎక్కించి వెళ్లాడు. మామయ్య అని వరస నేనే చెప్పాను. సైరన్ ఆగింది, చంటిది నిద్రపోయింది.

దీపాలవేళ ఇల్లు అడిగింది: "మామయ్యగారు బయటే ఉన్నారు, తలుపెలా వెయ్యను?"

"ఆయన కాపలాకున్నాడే."

"మరి నేనెందుకు?" అని అలిగి, తలుపు బార్లా తెరిచి కూర్చుంది.

"నీకు దిష్టి తగలకూడదనే తల్లీ ఆయన్ని పెట్టింది," అన్నాను.

టక్కున తలుపు వేసుకుంది.

ఇది గుర్తుపెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి. మీ ఇల్లు వినకుండా చెప్పండి.