చెయ్యిలా ఇవ్వు

“చెయ్యిలా ఇవ్వు,” అన్నాడు వడ్రంగి, టీ గ్లాసు కింద పెట్టకముందే.

భార్య చెయ్యి చాపింది. “నా చెయ్యేమన్నా తలుపు చెక్కా, పొద్దున్నే నిమరడానికి?”

అతను నవ్వలేదు. ఆమె మణికట్టు మీద బొటనవేలు ఆన్చి కళ్లు మూసుకున్నాడు. ఉలీ రంపం పట్టీపట్టీ మిగతా వేళ్లు కాయలు కాసి మొద్దుబారాయి. చిత్రిక పట్టిన చెక్క నున్నగా వచ్చిందో లేదో చెప్పేది ఆ బొటనవేలే. బతుకంతా దాన్నే నమ్ముకున్నాడు.

కొట్టుకుంది. ఆగింది. గబగబా కొట్టుకుంది. మళ్లీ ఆగింది.

వానలప్పుడు ఆమె గుండె లయ తప్పింది. ఆసుపత్రిలో కరెంటు షాకిచ్చి దారిలో పెట్టారు. “ఇలాగే నిలబడితే అదృష్టం. మళ్లీ తప్పితే రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. మందులు మానొద్దు, రోజూ నాడి చూసుకోండి,” అన్నాడు డాక్టరు. ఎలా చూడాలో నర్సు చూపిస్తుంటే వడ్రంగి సగమే విన్నాడు. చెక్కలో వెంట్రుకంత పగులు పట్టేవాడికి ఇదో లెక్కా అనుకున్నాడు.

భార్య వాళ్లక్క ఆ జబ్బుతోనే పోయింది. నోరు వంకరపోయి, కన్నపిల్లల్ని కూడా గుర్తుపట్టక, మంచాన పడి పడి పోయింది.

“ఎలా ఉంది?” అంది భార్య.

“బానే ఉంది.”

“మీ ముఖం అలా చెప్పట్లేదే.”

“దడగా ఉందా? ఆయాసమేమన్నా?”

“నాకేం లేదండీ. నిక్షేపంలా ఉన్నాను.”

ఆ వానల్లో వంటగదిలో కూలబడే దాకా కూడా ఆమె ఇదే మాట అంది. అందుకే అతను నమ్మలేదు.

పని మీద మనసు పోవడం లేదు. షెడ్డులో ఎవరిదో పెళ్లిమంచం కాళ్లు లేకుండా పడుంది. రంపం నాలుగు లాగులు లాగితే చాలు, చెమటలు పట్టి కూర్చుండిపోతున్నాడు. దిగులు మనిషిని లోపల్నుంచి తొలిచేస్తుందంటే ఇదే కాబోలు అనుకున్నాడు. సరుకులు తెచ్చేటప్పుడు భార్యే సంచీ మోసుకుంటూ ముందు మెట్లెక్కి, పైన నిలబడి అతని కోసం ఎదురుచూసేది. తన కోసమే లేని ఓపిక తెచ్చుకుంటోందని అతను అనుకునేవాడు.

ఒక పొద్దున బొటనవేలి కింద అంతా చిందరవందరగా ఉంది. ఇక దాచలేకపోయాడు. మామూలుగా చూపించుకొద్దామని అబద్ధం చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

నర్సు ఆమెను పడుకోబెట్టి వైర్లు పెట్టింది. బయటికొచ్చిన కాగితం చూసి నవ్వింది.

“చక్కగా ఉందమ్మా. ఎక్కడా తప్పలేదు.”

“మీ మిషను చెడిపోయింది,” అన్నాడు వడ్రంగి. “ఎన్నాళ్లనుంచో రోజూ తప్పుతోంది. నాకు తెలుసు.”

భార్య తల తిప్పింది. “బానే ఉందన్నారుగా నాతో?”

అతను ఆమె వైపు చూడలేదు. “ఇంకెన్నాళ్లుంటుందో చెప్పండి. చాలు,” అన్నాడు నర్సుతో.

“ఏదీ, ఎలా చూస్తున్నారో చూపించండి,” అంది నర్సు.

భార్య చెయ్యి అందుకుని బొటనవేలు ఆన్చాడు. “ఇదిగో, ఇప్పుడు కూడా తప్పుతోంది,” అన్నాడు.

నర్సు అతని చెయ్యి లాక్కుంది. మణికట్టు మీద తన రెండు వేళ్లు పెట్టి, గోడగడియారం కేసి చూస్తూ ఉండిపోయింది. ముఖంలో నవ్వు పోయింది.

“అమ్మా, మీరు దిగి మంచం ఆయనకివ్వండి,” అంది. తర్వాత మెల్లగా అతనితో చెప్పింది.

“బొటనవేలికి దాని నాడి దానికుంటుంది పెద్దాయనా, ఇన్నాళ్లూ మీరు చూసింది మీ గుండెనే.”